పోరుమామిళ్ళ చెరువు శాసనము: జలశాస్త్ర విమర్శ

కడప సీమయందలి పోరుమామిళ్ళలో భైరవాలయము ముంగిట నిలిచిన సంస్కృత శాసనము క్రీ.శ. 1369 నాటిది. మొదటి బుక్కరాయల కుమారుడును, ఉదయగిరినుండి పాలించినవాడును అగు భాస్కర భవదూరుడు అనంతరాజసాగరమను చెరువు కట్టించిన వృత్తాంతము దీనియందు గలదు. నిత్యము 1000 మంది పనివారును, 100 బండ్లును రెండేండ్లు పనిచేసినట్లు శాసనము చెప్పుచున్నది. వంశప్రశస్తిని, దానధర్మములను చెప్పు శాసనములు పెక్కు కలవు. చెరువునకు 12 అంగములను, 6 దోషములను లెక్కించి చెప్పినది మాత్రము అరుదు. కావుననే దీనిని ప్రశంసించినవారు పలువురు. ప్రశంసతో ఆగిపోక, దీనియందలి శాస్త్రమెంత, కొఱత యెంత యని తూచి చూడవలసియున్నది.

అంగములలో ధర్మపరుడగు ప్రభువును, జలశాస్త్రము నెఱిగిన విద్వాంసుడును మొదట చెప్పబడిరి. తరువాతి స్థానము నేలది. అది గట్టి బంకమన్ను గలదై యుండవలెను. ఈ నియమము నేటి పరీక్షకును నిలుచును. బంకమన్ను రేణువులు 0.002 మిల్లీమీటరుకంటె చిన్నవి. వాని నడుమ రంధ్రములు అతిసూక్ష్మములగుటచే నీరు మిక్కిలి మెల్లగా ఇంకును. ఇసుకనేలలో నీరు త్వరగా ఇంకి భూగర్భమును చేరును గాని చెరువులో నిలువదు. చవుడు నేలను దోషముగా చెప్పుటయు సార్థకమే. సోడియము హెచ్చుగానున్న మట్టి తడిసినపుడు రేణువులు విడివడి నీటితో కొట్టుకొనిపోవును. కట్టకు గండి పడుటకు అదియు నొక కారణము.

మఱి రెండు దోషములు జంటగా నున్నవి. నేల విస్తారమై నీరు స్వల్పమగుట యొకటి. నీరు అధికమై నేల స్వల్పమగుట రెండవది. వచ్చు నీటికిని, తడుపవలసిన నేలకును పొంతన యుండవలెనను ఈ సూత్రము నేటి నీటిలెక్కలకును మూలమే.

ఇక కొఱత. శాసనకర్త దృష్టి కట్టవద్దను, దాని దిగువను నిలిచినది. ఎగువను గూర్చి, మూడు యోజనముల దూరమునుండి వచ్చు తీయని నీటి నది యుండవలెననియు, కొండ చెరువును తాకియుండవలెననియు మాత్రమే చెప్పెను. వాననీటిని చెరువునకు చేర్చు పరీవాహక ప్రదేశముయొక్క ఆకారము, వాలు, మట్టి, చెట్టుచేమలు లెక్కకు రాలేదు. ఆ ప్రదేశము గుండ్రముగానున్నచో నలుదిక్కుల నీరు ఇంచుమించు ఒక్కమారే చేరి వరద ఉద్ధృతమగును. పొడవుగానున్నచో విడతలుగా వచ్చును. వాలు హెచ్చినకొలది నీరింకుటకు వ్యవధి తగ్గును. చెట్లు పోయిన కొండనుండి మట్టి జాఱివచ్చి చెరువును పూడ్చును. ఈ పూడిక ఆఱు దోషములలో లేదు. ఇది స్థలమును ఎన్నుకొనుటకు చెప్పిన లక్షణమేగాని పోషణకు చెప్పినది కాదని సమాధానము చెప్పవచ్చును. పోషణభారమును దశబంధ మాన్యముల వంటి ఏర్పాట్లు వహించినవి. అయినను ఎగువ నేలను గమనింపక ఎన్నుకొన్న స్థలము మంచి స్థలమని ఎట్లు చెప్పగలము?

దోషములలో మిక్కిలి ఆలోచింపదగినది రెండు రాజ్యముల సరిహద్దున చెరువుండుట. ఇది రాజనీతివలె తోచును గాని జలశాస్త్రమునకును సంబంధించినదే. వాననీటిని విభజించునది కొండనెత్తము. రాజ్యమును విభజించునది మనుజుని గీత. ఈ రెండును ఏకముగా నుండుట అరుదు. నందికొండల ప్రాంతమున పుట్టిన పాలారు కర్ణాటకమున 93, ఆంధ్రమున 33, తమిళనాట 222 కిలోమీటర్లు ప్రవహించి సముద్రమును చేరును. 1892 నాటి మైసూరు-మద్రాసు ఒడంబడికలో ఈ నదియు చేరినది. ఐనను దానిపై కట్టడములను గూర్చిన వివాదము నేటికిని సమసిపోలేదు. కోలారునను, వేలూరునను తరతరములుగా స్థిరపడిన తెలుగువారికి ఈ దోషముయొక్క బరువు ఎవరును చెప్పనక్కఱలేదు. ఎగువవాడును దిగువవాడును వారికి చుట్టములే.

శాసనము గొప్పది, సంపూర్ణము కాదు. దీనిని పిల్లలకు బోధించునపుడు ఎగువ నేల రక్షణను 13వ అంగముగను, పూడికను 7వ దోషముగను చేర్చి చెప్పుట యుక్తము.