తుడిచిన చోట మిగిలేది: విలియం కెంట్రిడ్జ్‌పై వెలువడిన గ్రంథాల పరిశీలన

దక్షిణ ఆఫ్రికా చిత్రకారుడు విలియం కెంట్రిడ్జ్ (జననం 1955) గురించి ఆంగ్లంలో వెలువడిన గ్రంథాలు ఇప్పటికే చాలా ఉన్నాయి. బొగ్గుతో గీసిన బొమ్మలు, రాగిరేకుపై చెక్కి తీసిన ముద్రణలు, చలనచిత్రాలు, నాటక ప్రదర్శనలు అంటూ ఇన్ని విధాల పనిచేసిన వ్యక్తి గనుక, ఆయనను గూర్చి వ్రాసేవారు అన్నింటినీ కలిపే ఒక మాట కోసం వెదికారు. వారికి దొరికిన మాట ‘తుడవడం’. ఈ మాట మన విద్యార్థులకు, సంఘకాపరులకు క్రొత్తది కాదు. తన దోషాన్ని తుడిచివేయమని 51వ కీర్తనలో దావీదు వేడుకున్నది మొదలు నేటి మన ఆరాధనల వరకు వినబడేదే. కళావిమర్శకులు దీనిని ఎలా వాడారో, ఆ వాడకం నిలుస్తుందో లేదో చూడడం మన పని కూడా అని తలంచి ఇక్కడ నాలుగు గ్రంథాలను తీసుకున్నాము.

ముందుగా ఆయన పద్ధతి తెలియాలి. స్టూడియో గోడకు పెద్ద కాగితం అంటించి బొగ్గుతో ఒక దృశ్యం గీస్తారు. గదిలో కొంత దూరాన నిలిపిన సినిమా కెమెరా దగ్గరకు నడిచి ఒకటి రెండు ఫ్రేములు తీస్తారు. తిరిగి వచ్చి బొమ్మలో కొంత తుడిచి, కొంత మార్చి గీసి, మరల కెమెరా దగ్గరకు వెళతారు. మామూలు యానిమేషన్ చిత్రానికి వేలకొలది బొమ్మలు కావాలి. 1994లో పూర్తిచేసిన ‘ఫెలిక్స్ ఇన్ ఎక్సైల్’కు సుమారు నలభై కాగితాలు సరిపోయాయి. బొగ్గు పూర్తిగా పోదు. కదిలిన చేయి వెనుక, నడిచిన మనిషి వెనుక బూడిదరంగు మరక మిగిలిపోతుంది, ప్రేక్షకుడు దానిని చూస్తూనే ఉంటాడు.

2009లో మార్క్ రోసెన్‌తాల్ సంపాదకత్వంలో, శాన్‌ఫ్రాన్సిస్కో ఆధునిక కళా మ్యూజియం ప్రదర్శనకు తోడుగా వచ్చిన ‘ఫైవ్ థీమ్స్’ చాలామందికి మొదటి పరిచయ గ్రంథం. చిత్రకారుని స్టూడియో, సోహో–ఫెలిక్స్ చిత్రాలు, ఊబు–ఊరేగింపు, రెండు ఒపెరాలు అని ఐదు భాగాలు. పటాల ముద్రణ శ్రేష్ఠమైనది. అయితే పుటపై మనకు కనబడేది చాలావరకు తుడవడాలన్నీ అయ్యాక మిగిలిన చివరి బొమ్మ. విచారణకు హాజరు కాకుండా తీర్పు కాగితం మాత్రం చదివినట్లుంటుంది. ప్రకాశకులకు ఈ కొరత తెలుసు. అందుకే పుస్తకంతో డీవీడీ కూడా ఇచ్చారు. ఎనిమిది ఎచింగులుగా వచ్చిన ‘ఊబు టెల్స్ ద ట్రూత్’కు మాత్రం ఈ నష్టం తక్కువ, అది కాగితం కోసమే పుట్టినది గనుక. బట్టలు లేని ఒక మామూలు మనిషి; అతని చుట్టూ తెల్లని గీతలతో, కడుపుపై సుడి ఉన్న బానపొట్ట ఊబు. ఇద్దరూ ఒకరే.

రెండవది కెంట్రిడ్జ్ స్వయంగా 2012లో హార్వర్డులో ఇచ్చిన నార్టన్ ప్రసంగాల సంపుటం, ‘సిక్స్ డ్రాయింగ్ లెసన్స్’ (2014). మొదటి ప్రసంగంలో ప్లేటో గుహను తీసుకొని నీడల పక్షాన వాదిస్తారు. వెలుగు చూచి వచ్చినవాడు గుహలోనివారిని బలవంతంగా బయటికి లాగవచ్చునా అన్న ప్రశ్న వలసపాలన చరిత్ర ఎదుట చాలా బరువైనది. (తోలుబొమ్మలాట చూచి పెరిగినవారికి నీడ పక్షం వహించడం వింతగా తోచదు.) ఈ ప్రసంగాలు చక్కనివే. చిక్కు ఏమిటంటే, వీటిలో ఆయన తన పని గురించి చెప్పుకున్న సందేహం, అనిశ్చయం అనే మాటలనే విమర్శకులు వ్యాఖ్యానంగా తిరిగి అప్పజెబుతున్నారు. మూలకర్త మాటను వల్లించడం వ్యాఖ్యానం కాదు. వాక్యపఠనం ప్రసంగం కానట్లే. పైగా ఏ చిత్రాన్ని అడిగినా ‘అనిశ్చయం’ అనే జవాబు వస్తే, ఆ చిత్రం దేనిని గూర్చి నిశ్చయంగా మాట్లాడుతుందో ఎవరూ చూడరు.

‘ఫెలిక్స్ ఇన్ ఎక్సైల్’ మొదటి సార్వత్రిక ఎన్నికలకు ముందు నెలల్లో తయారైనది. నాండి అనే నల్లజాతి స్త్రీ భూమిని కొలుస్తుంది. హతులైనవారి దేహాలు నేలపై పడి ఉంటాయి. వార్తాపత్రికలు వచ్చి వాటిని కప్పుతాయి, క్రమంగా దేహాలు నేలలో కలిసిపోతాయి. ఇక్కడ తుడిచేవి రెండు. భూమి తుడుస్తుంది, ఏమీ జరగనట్లు గడ్డి మొలుస్తుంది. చిత్రకారుని చేయి కూడా తుడుస్తుంది, కాని మరకను ఉంచుతుంది. మొదటిది మరపు, రెండవది ఆ మరపును అడ్డగించేది. ‘తుడవడం’ అనే ఒక్క మాటతో రెంటినీ కలిపివేసిన వ్యాసాలు మనల్ని తప్పుదారి పట్టిస్తాయని మా అభిప్రాయం. మనకు ఇది మరింత ముఖ్యం. హత్య జరిగిన ఊరిలో ‘అంతా మరచిపోయి సమాధానపడండి’ అని బాధితులకే చెప్పే అలవాటు సంఘాల్లో ఉంది. యోహాను 20వ అధ్యాయంలో పునరుత్థానుడైన ప్రభువు చేతుల్లో గాయపు గుర్తులు అలాగే ఉన్నాయి. తోమాకు చూపినది వాటినే. అంతమాత్రాన కెంట్రిడ్జ్‌ను మన ప్రసంగానికి దృష్టాంతంగా లాక్కోకూడదు. ఆయన యూదు కుటుంబంలో పుట్టినవారు. తండ్రి సిడ్నీ కెంట్రిడ్జ్ 1977లో స్టీవ్ బీకో మరణవిచారణలో ఆ కుటుంబం తరఫున నిలిచిన న్యాయవాది. సాక్ష్యం, ఋజువు అనేవి ఆ ఇంటి మాటలు.

సాక్ష్యం ప్రశ్నను సూటిగా ఎదుర్కొన్నది మూడవ గ్రంథం: ‘ఊబు అండ్ ద ట్రూత్ కమిషన్’ (1998). రచన జేన్ టేలర్‌ది. 1997 ప్రదర్శనకు దర్శకుడు కెంట్రిడ్జ్, బొమ్మలు హ్యాండ్‌స్ప్రింగ్ పపెట్ కంపెనీవి. నాటకంతోపాటు ముగ్గురి వివరణలూ ఉన్నాయి. ఆర్చిబిషప్ డెస్మండ్ టూటూ అధ్యక్షతన 1996 ఏప్రిల్‌లో సత్య–సమాధాన కమిషన్ ఎదుట విచారణలు మొదలయ్యాయి. 1995 చట్టం ప్రకారం నేరస్థుడు క్షమాభిక్ష పొందాలంటే రాజకీయ ఉద్దేశంతో చేసిన నేరాన్ని పూర్తిగా వెల్లడించాలి. పశ్చాత్తాపం మాత్రం షరతు కాదు. 7,112 దరఖాస్తులు రాగా 849 మందికి క్షమాభిక్ష దొరికింది. ఒప్పుకోలు ఉండి పశ్చాత్తాపం లేకపోతే దానిని ఏమనాలో మన వేదాంత గ్రంథాలు చెబుతాయి. కాని ఒక దేశం దానిమీదనే నిలబడవలసి వస్తే ఎలా ఉంటుందో ఈ నాటకం చూపిస్తుంది.

చావుకు గురైన బిడ్డను గూర్చి తల్లి చెప్పిన సాక్ష్యాన్ని వేదికపై నటి ఏడుస్తూ చెప్పవచ్చునా? ఈ ప్రశ్నకు వారి జవాబు చెక్కబొమ్మ. ఆడించేవారు ప్రక్కనే కనబడుతూ ఉంటారు గనుక, ఇది మరొకరి మాట అని ప్రేక్షకుడు ఒక్క క్షణం కూడా మరువడు. సాక్షి తన స్వభాషలో పలుకుతుంది. అద్దాల గదిలోనుండి అనువాదకుడు ఆంగ్లంలో చెబుతాడు. ఆ అద్దాల గదే వేరొక ఘట్టంలో ఊబు స్నానం చేసే షవరు. హంతకుడు రాత్రి పనిని కడుక్కునే చోటే బాధితురాలి మాట మన చెవికి చేరుతుంది. ఇంత బలమైన రంగాలంకరణ మేము మరొకటి ఎరుగము. మొసలి నోట కాగితాలు పడి ముక్కలవుతాయి. చివరికి ఊబు దంపతులు పడవెక్కి సూర్యాస్తమయంలోకి సాగిపోతారు.

అదే కాలపు చలనచిత్రం ‘హిస్టరీ ఆఫ్ ద మెయిన్ కంప్లెయింట్’ (1996)లో గనుల యజమాని సోహో ఆసుపత్రి మంచంపై స్పృహలేకుండా ఉంటాడు. లోపల, కారు అద్దంలోనుండి దెబ్బలు తింటున్న మనుష్యులను చూస్తాడు. తన కారు ఎవరినో గుద్దినప్పుడు మెలకువ వస్తుంది. తెర తీయగానే ఎప్పటిలాగే తన బల్ల దగ్గర కూర్చొని ఉంటాడు. దీనిని ‘అనిశ్చయం’ అనేవారితో మేము ఏకీభవించము. చూచాడు, ఎరిగాడు, మారలేదు. ఇది నిశ్చయమైన ఆరోపణ.

ఈ మూడు గ్రంథాల్లోనూ మాకు లోటుగా తోచినది ఒకటుంది. సంఘం దాదాపు కనబడదు. జాతివివక్షకు వాక్యాధారాలు చూపిన డచ్చి సంస్కరణ సంఘం ఉంది. దానిని ఎదిరించిన సంఘకాపరులు ఉన్నారు. 1997 నవంబరులో ఈస్ట్ లండన్‌లో కమిషన్ మత సంస్థల కోసం ప్రత్యేక విచారణ జరిపినది. ఇవి లేకుండా ఆ దేశపు ‘ఒప్పుకోలు’ను వివరించడం కష్టం. 1903లో జాన్ రంగయ్య గారిని నేటాలుకు పంపిన తెలుగు బాప్తిస్టుల వారసులకు ఈ మౌనం ఇంకా ఎక్కువగా వినబడుతుంది.

నాలుగవది కలకత్తా సీగల్ బుక్స్ 2015లో ప్రచురించిన ‘అకౌంట్స్ అండ్ డ్రాయింగ్స్ ఫ్రమ్ అండర్‌గ్రౌండ్’. ఈస్ట్ రాండ్ బంగారు గనుల కంపెనీ 1906 నాటి నగదు చిట్టా పుటలపైనే కెంట్రిడ్జ్ బొగ్గుతో భూదృశ్యాలు గీశారు. మానవశాస్త్రవేత్త రోసలిండ్ మోరిస్ ఆ చిట్టాను పద్దు పద్దుగా చదివి, ఆ లెక్కల వెనుక ఉన్న మనుష్యుల శ్రమను బయటికి తీశారు. ఇద్దరూ ఒకే కాగితంపై పనిచేశారు, ఒకరు గీస్తూ, ఒకరు చదువుతూ. తవ్వి పోసిన మట్టిదిబ్బల బొమ్మ క్రిందనుండి గుమాస్తా సిరా గీతలు కనబడుతూనే ఉంటాయి. సందేహం గురించి ఉపన్యాసం లేదు. ఎవరికి ఎంత చెల్లించారో ఉంది. వ్యాఖ్యానం చేసే పద్ధతి నేర్చుకోవడానికి కూడా ఇది మంచి పాఠం. గ్రంథాలయంవారు ఈ నాలుగింటిలో ఒకటే కొనగలిగితే దీనినే కొనమంటాము. నాటకం ప్రతి దొరికితే దాని ప్రక్కన ఉంచాలి.