మోదుగాకు మీద అవ్వ ముఖం

ఉట్నూరు వైపు మా బడిలో చదువుకొని, ఇప్పుడు డిగ్రీ రెండో ఏడాదిలో ఉన్న ఒక విద్యార్థిని ఈ ఎండాకాలం తాను చేసిన 21 ఫొటోలను బడి వరండాలో తాడు కట్టి వేలాడదీసింది. చూసినవాళ్లందరూ బాగున్నాయన్నారు. ఆ ఒక్క మాటతో ఊరుకుంటే ఆ పిల్లకు మేలు జరగదు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాం.

మొదటి వరుసలో దండారి ఫొటోలున్నాయి. రాత్రి వెలుతురులో రెండు మూడు సెకన్లపాటు కెమెరా కన్ను తెరిచే ఉంచి తీసినవి. కదిలేది చారలా సాగుతుంది, కదలనిది స్పష్టంగా నిలుస్తుంది. గుస్సాడీల నెమలి ఈకల కిరీటాలన్నీ నీలి మంటల్లా వచ్చాయి. చెయ్యి తిరిగిన పనే. కానీ ఆ మంటల్లో అడుగు ఏది? డోలు దెబ్బకు కాలు ఎక్కడ పడాలో మన పిల్లలు ఏళ్ల తరబడి చూసి నేర్చుకుంటారు. బయటివాళ్లు వేసే పోస్టర్లలో గుస్సాడీ ఎప్పుడూ రంగే, మనిషి కాడు. ఊళ్లో పుట్టిన పిల్ల కూడా అదే చూపు చూస్తే ఆ టెక్నిక్ ఎవరికి పనికొచ్చినట్టు? ఈ వరుసలో ఒక్క ఫొటో మాత్రం వేరు. అందరూ చారలైపోయిన చోట ఒక చిన్న పిల్లవాడు కర్ర పట్టుకొని అలాగే నిలబడిపోయాడు. వాడి ముఖం ఒక్కటే తేటగా ఉంది. ఆ టెక్నిక్‌తో చెప్పాల్సిన మాట అక్కడ దొరికింది.

రెండో వరుసలో ఒక ఫొటో మీద మరొకటి కలిపి చేసినవి ఉన్నాయి. హైమెన్‌డార్ఫ్ 1940లలో మన ఆదిలాబాద్ గోండుల మధ్య తిరిగి తీసిన ఫొటోలు లండన్‌లోని సోయాస్ సంస్థలో ఉన్నాయి. అలాంటి పాత ఫొటోల మీద ఈమె ఇప్పటి ఊరిని పరిచింది. పాత ఇంటి గోడలోంచి సెల్ టవర్ లేస్తుంది. ఆలోచన మంచిదే. ఫొటోల కింద పెట్టిన ‘మూలం’, ‘శూన్యం’ వంటి పేర్లే మాకు నచ్చలేదు. 1868 నుంచి 1875 దాకా ఇంగ్లిషువాళ్లు ‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’ అని 8 సంపుటాలు అచ్చువేశారు. వాటిలో మనుషులను కులాల, తెగల నమూనాలుగా చూపించారు. ఆ తర్వాత వచ్చిన ఎన్నో పుస్తకాల్లోనూ మన పెద్దల ఫొటో కింద తెగ పేరు ఉంటుంది, మనిషి పేరు ఉండదు. ఆ పేరు వెతకాల్సింది మనమే. ఊళ్లో ముసలివాళ్లకు చూపిస్తే గుర్తుపట్టేవాళ్లు ఉండొచ్చు. ఆ తిరుగుడు తిరగకుండా ‘శూన్యం’ అని రాయడం తేలిక.

ఇక ఆకులు. వియత్నాంలో పుట్టి అమెరికాలో పెరిగిన బిన్ డాన్ అనే కళాకారుడు ఆకుల మీద యుద్ధకాలపు ముఖాలను ముద్రిస్తాడని ఈమె ఎక్కడో చదివింది. పద్ధతి సులువే. ఫొటోను పారదర్శక షీటు మీద ప్రింటు తీయించి, ఆకు మీద పరిచి, పైన గాజు పలక బిగించి ఎండలో పెట్టాలి. షీటులో నల్లగా ఉన్నచోట ఆకు పచ్చగానే ఉంటుంది. ఎండ తగిలినచోట పచ్చదనం పోయి పాలిపోతుంది. నాలుగైదు రోజులకు ముఖం తేలుతుంది. పదో తరగతి ‘పోషణ’ పాఠంలో ఆకుకు నల్లకాగితం పెట్టి చేయించే ప్రయోగం ఉపాధ్యాయ మిత్రులకు గుర్తొచ్చే ఉంటుంది. అది వేరు, ఇది వేరు. అయినా ఎండా ఆకూ పిల్లలకు కొత్త కాదు.

ఈమె మొదట టేకాకు తీసుకుంది. గరుకుగా ఉండి ముఖం రాలేదు. తర్వాత ముదురు మోదుగాకు. అదీ కుదరలేదు. అప్పుడు విస్తళ్లు కుట్టే వాళ్ల అవ్వే చెట్టు దగ్గరికి తీసుకుపోయి, లేతా కాని ముదురూ కాని ఆకు ఏదో వేళ్లతో తడిమి చూపించింది. ఆ ఆకు మీదే ఆమె ముఖం వచ్చింది. ఆకు ఈనెలు, అవ్వ ముడతలు ఎక్కడ కలుస్తున్నాయో చెప్పలేం. పరాయి దేశపు పద్ధతి ఇక్కడ అరువులా కనిపించదు. ఆకు తెలిసిన మనిషే ఆకు మీద ఉంది మరి. కింద ఆమె పేరు గుంజాల గోండి లిపిలో రాసి ఉంది. రెండో వరుసలో లేనిది ఇదే.

బిన్ డాన్ తన ఆకులను రెజిన్‌లో పోసి నిలబెడతాడు. ఈమె పాత పుస్తకం పేజీల మధ్య పెట్టుకుంది. రెండు ఆకులు అప్పుడే గోధుమరంగుకు తిరిగి, కళ్లు చెరిగిపోతున్నాయి. వాటిని తీసేసి కొత్తవి పెడతానంది. తీయొద్దన్నాం. అదే షీటుతో మళ్లీ ముద్రించి, పాతదాని పక్కనే కొత్తది కట్టమన్నాం.