నక్షత్రం కట్టని ఇల్లు

డిసెంబరు వచ్చిందంటే క్రైస్తవుల ఇళ్ళ మీద నక్షత్రాలు వెలుగుతాయి. వెదురు బద్దలకు రంగు కాగితం అంటించి చేసుకునేవాళ్ళు తగ్గారు, బజార్లో కొనేవాళ్ళు పెరిగారు. ప్రతి వీధిలోనూ నక్షత్రం లేని ఇల్లు ఒకటో రెండో ఉంటుంది. ఎందుకని ఎవరూ అడగరు. ఆ ఇంట్లో ఈ ఏడు ఒకరు పోయారు. ఏడాది తిరిగేదాకా పండగ చేసుకోకపోవడం తెలుగు ఇళ్ళ ఆచారం. క్రైస్తవుల ఇళ్ళల్లోనూ చాలాచోట్ల అది అలాగే నిలిచింది.

సెమీ క్రిస్మస్ కూడికలు, కేకులు, పిల్లల నాటికలు అందరికీ కనిపించే పండగ. నక్షత్రం లేని ఇంటికి వెళ్ళి చేసే ఆదరణకు మాత్రం మైకు ఉండదు, కరపత్రం ఉండదు. అయినా మన సంఘాలు తరతరాలుగా నేర్చుకున్నవాటిలో ఇంత విలువైనది ఇంకొకటి లేదని నా నమ్మకం. మంచి మనసు ఒక్కటే ఉంటే ఇది రాదు. పెద్దవాళ్ళ వెంట తిరిగి నేర్చుకోవాలి.

మా గుంటూరు, ప్రకాశం వైపు క్యారల్స్‌కి బయల్దేరే గుంపులో కుర్రాళ్ళ ముందు ఒక సంఘపెద్ద నడుస్తాడు. ఏ ఇంటి దగ్గర డోలక్ ఆపాలో ఆయనకు తెలుసు. నాలుగిళ్ళ ముందే చెయ్యెత్తుతాడు, వాయిద్యాలు ఆగుతాయి. గుంపు వీధిలోనే ఉంటుంది. పాస్టరుగారు, మరో ఇద్దరు లోపలికి వెళతారు.

“ఈ ఏడు మాకు పండగ లేదండి అయ్యగారూ,” అంటుంది ఇంటావిడ. చేతిలో కానుక కవరు మాత్రం ఉంటుంది.

“తెలుసమ్మా. కాసేపు కూర్చుని ప్రార్థన చేసుకుని వెళతాం.”

ఆ కవరు తీసుకుంటారు. కష్టంలో ఉంది కదా అని వద్దంటే, నువ్వు ఇవ్వగలిగిన మనిషివి కాదు అన్నట్టు అవుతుంది. పాడితే ఒకే పాట, అదీ పోయిన మనిషి ఇష్టంగా పాడుకున్నది. పందొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌదరిగారు మన రాగాల్లో, మన తాళాల్లో కట్టిన కీర్తనలు ఇక్కడ పనికొస్తాయి. వాయిద్యం లేకపోయినా అవి వెలితిగా అనిపించవు, గొంతు సగంలో పూడుకుపోతే పక్కవాళ్ళు అందుకుంటారు.

అసలు పని తర్వాత, పగటిపూట, స్త్రీల సమాజంవాళ్ళు చేస్తారు. ఇద్దరే వెళతారు. నలుగురు వెళితే ఆ ఇంటామె టీ పెట్టే హడావుడిలో పడిపోతుంది. వంటపని తెమిలే వేళ చూసుకుంటారు. ఆమె చాప మీద కూర్చుంటే వీళ్ళూ చాప మీదే, మంచం మీదుంటే మంచం పక్కనే. మాట మొదలుపెట్టేది కూడా బైబిలుతో కాదు. “అన్నయ్యగారు పోయినేడు నక్షత్రం ఎక్కడ కట్టారు వదినా?” అని అడిగిందొకామె, నేను విన్నాను. వీధి వైపా, డాబా మీదా, వైరు ఎక్కడినుంచి లాగారు, నిచ్చెన ఎవరు పట్టుకున్నారు, అంతా ఆమె చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడ్చింది. వెళ్ళినవాళ్ళు ఆపలేదు. పోయినవాళ్ళ ఊసెత్తితే బాధపడతారని చాలామంది తప్పించుకుంటారు. కానీ ఆ ఊసు మళ్ళీ ఎవరైనా ఎత్తుతారా అని ఎదురుచూసేది ఆ ఇంటివాళ్ళే.

అనకూడని మాటలు కూడా నేర్పుతారు. “ఏడవకు”, “అంతా దేవుని చిత్తం”, “నీకంటే కష్టాల్లో ఉన్నవాళ్ళు లేరా?” ఇవి మూడూ ముందు మానాలి. దేవుని చిత్తం అన్న మాట ఆ ఇంటామె తనంతట తాను అనుకుంటే ధైర్యం ఇస్తుంది, బయటివాళ్ళు అంటే నోరు మూయిస్తుంది. యోబు గ్రంథం తెలిసినవాళ్ళకు ఇది కొత్త కాదు. ఆయన స్నేహితులు ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు నేల మీద ఆయన పక్కన మౌనంగా కూర్చున్నారు, అక్కడిదాకా వాళ్ళు మంచి స్నేహితులే. తర్వాత నోరు తెరిచి కారణాలు చెప్పబోయారు. లాజరును లేపబోతున్నానని తెలిసిన యేసు కూడా సమాధి దగ్గరికి వెళ్ళేముందు కన్నీళ్ళు పెట్టుకున్నాడు. ఆ ఇంటికి వెళ్ళిన స్త్రీలు చివర్లో ఒక కీర్తన చదువుతారు, చిన్న ప్రార్థన చేస్తారు. ప్రార్థనలో ఆ ఇంటి అప్పు, పిల్లాడి పరీక్ష, అత్తగారి మోకాళ్ళ నొప్పి అన్నీ ఉండాలి.

పండగపూట ఏడుపు గురించి ఎందుకు అనేవాళ్ళుంటారు. క్రిస్మస్ కథలోనే ఉంది ఏడుపు. మత్తయి సువార్త రెండో అధ్యాయంలో జ్ఞానుల వెనకాలే హేరోదు సైనికులు వస్తారు, బేత్లెహేము తల్లులు పిల్లల్ని పోగొట్టుకుంటారు. కథోలిక సంఘం ఆ పిల్లల్ని డిసెంబరు 28న తలుచుకుంటుంది. మన నాటికల్లో హేరోదు వేషానికి పిల్లలు పోటీ పడతారు గాని, ఆ తల్లుల వేషం ఒక్కరికీ ఇవ్వం. నాకది పెద్ద లోటుగా కనిపిస్తుంది. లూకా చెప్పిన కథలో పసివాడైన యేసును దేవాలయంలో చూసి దేవుణ్ణి స్తుతించినవాళ్ళలో అన్న అనే ఆమె ఒకరు. ఏళ్ళ తరబడి భర్త లేకుండా బతికిన ముసలావిడ ఆమె.

ఆకలిగా ఉన్న ఇంటికి మాటొక్కటే చాలదు. పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడు పిడికెడు బియ్యం పక్కన తీసి గుడికి ఇచ్చే అలవాటు మన సంఘాల ఆడవాళ్ళది. ఆ బియ్యంలోంచి ఒక ఇంటికి సంచీ వెళ్ళొచ్చు, పండగ ముందురోజు, చీకటి పడ్డాక. ఇప్పుడు సంచీ ఇచ్చి, పుచ్చుకున్నామెను పక్కన నిలబెట్టి ఫొటో తీసి వాట్సాప్‌లో పెడుతున్నారు. ఆమె పిల్లలు ఆ ఫొటో తమ బడిలో చూస్తారని ఆలోచించరా? ఇది మానాలి.

సాయం పుచ్చుకునేవాళ్ళ పరువు కాపాడే విషయంలో ఒంగోలు చరిత్ర గుర్తుంచుకోదగ్గది. 1876–78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని, కూలి దొరికేలా చేశాడు. ఆ జనంలో ఎంతోమంది బాప్తిస్మం ఇవ్వమని అడిగారు. కరువు పని నడుస్తున్నన్నాళ్ళూ ఆయన ఇవ్వలేదు. కూలి డబ్బుల కోసం వచ్చారన్న మాట వాళ్ళకు రాకూడదు, కూటికీ విశ్వాసానికీ ముడి పడకూడదు. సాయం చేతులు మారడం ఆగాకే మొదలుపెట్టారు. 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ అంకెను మన పుస్తకాలు గర్వంగా చెబుతాయి. నన్ను అడిగితే దానికి ముందు ఆయన వద్దన్న నెలలే ఎక్కువ గొప్పవి.

పొరుగున ఉన్న హిందువుల ఇంట్లోనో ముస్లిముల ఇంట్లోనో దుఃఖం ఉంటే ఇదే పద్ధతి. “ప్రార్థన చేయమంటారా?” అని అడగాలి. వద్దంటే, టీ తాగి, బజారు నుంచి ఏమైనా కావాలా అని కనుక్కుని రావాలి. ఆ ఇంటికి మర్నాడు కూడా వెళ్ళాలి.

ఇంకొక రకం ఇళ్ళున్నాయి, నక్షత్రం ఉన్నా పిల్లలు దగ్గర లేనివి. కొడుకు డల్లాస్‌లో, కూతురు కువైట్‌లో. ఇక్కడ ముసలి దంపతులిద్దరే. వీళ్ళకు కావలసింది తెల్లవారుజామున ఆరాధనకు తీసుకెళ్ళే తోడు. ఆటో మాట్లాడి, గుడి మెట్ల దగ్గర చెయ్యి పట్టుకుని, ఆరాధన అయ్యాక తన ఇంట్లో రెండు అరిసెలు తినిపించి వాళ్ళింటి దగ్గర దించి వచ్చే కుర్రాడు ఒకడు చాలు. సంఘంలో యౌవనస్తుల కూటమికి ఇంతకంటే మంచి పని నేను చూపించలేను.

జనవరి కష్టమైన నెల. డిసెంబరు 31 రాత్రి కూడిక అయిపోయాక పాస్టరుగారు అలిసిపోతారు, కుర్రాళ్ళు చదువుల్లో పడతారు, రావడం ఆగిపోతుంది. అందుకని స్త్రీల సమాజంవాళ్ళు డిసెంబరులోనే ఒక నోటుపుస్తకంలో ఇళ్ళ పేర్లు, పోయినవాళ్ళ తేదీలు రాసి, జనవరి, ఫిబ్రవరి వారాలకు ఇద్దరిద్దరు చొప్పున పంచుకోవాలి. తేదీ దగ్గరపడే ఇంటికి ముందుగా వెళ్ళాలి. ఎవరికైనా కుదరకపోతే వేరొకరి పేరు రాయాలి గాని గడి ఖాళీగా వదలకూడదు.