తృష్ణయు విశ్వాసమును: 'బాక్‌జ్వీ' చిత్ర విమర్శ

పార్క్ చాన్-ఊక్ దర్శకత్వమున 2009లో వెలువడిన కొరియా చలనచిత్రము 'బాక్‌జ్వీ'. ఆ మాటకు గబ్బిలమని యర్థము. ఆ యేటనే కాన్ చలనచిత్రోత్సవమున దీనికి జ్యూరీ బహుమతి లభించెను. రక్తపిశాచ కథ యగుటచే దీనిని భయానకమని మాత్రమే యెంచుట న్యాయము కాదని మా యభిప్రాయము.

కథానాయకుడైన సాంగ్‌హ్యోన్ కాథలిక్ మతాచార్యుడు. రోగుల మరణములను చూచి సహింపలేక, అంటువ్యాధికి మందు కనుగొను ప్రయోగమునకు స్వశరీరమును సమర్పించును. ఎక్కించిన రక్తమువలన బ్రతికి, రక్తపిశాచమగును. త్యాగమే పతనమునకు ద్వారమగుట యిందలి వైపరీత్యము.

ఈ కథకు ఎమిలీ జోలా 1867లో ప్రకటించిన 'తెరేజ్ రాకే' నవల యాధారము. అందలి ప్రియుడు లోరాన్ భోగలాలసుడు. భర్తను చంపిన పిదప ఆ జంట పొందిన పశ్చాత్తాపము శారీరక వికారమేయని జోలా రెండవ ముద్రణ పీఠికలో వాదించెను. దర్శకుడు లోరాన్ స్థానమున వ్రతధారిని నిలిపి, ఆ వాదమునే తలక్రిందులు చేసెను. ఇచట దేహము మారినను మనస్సాక్షి మారదు. సాంగ్‌హ్యోన్ హత్య చేయనొల్లక, స్మృతి లేని రోగి రక్తమును గ్రోలి, దానికి ధర్మయుక్తమైన కారణము వెదకుకొనును. తన కోరికను సమర్థించుకొనుటకు విశ్వాసమును వాడుకొనుటయే రక్తపానముకంటె ఘోరమని మాకు తోచుచున్నది.

నాయిక తేజు అత్తవారింట దాసివలె పెరిగినది. పిశాచత్వము ఆమెకు శాపము గాక విముక్తి యగును. అయితే ఆమె మార్పు మిక్కిలి త్వరితముగా జరుగుటయు, తరువాతి హత్యలు దీర్ఘములగుటయు లోపములే. ఆమె బానిసత్వమును మనము మరచునంతగా క్రౌర్యము ముందునకు వచ్చినది.

ముగింపు ఈ లోపములను చాలవరకు కప్పివేయును. తన్ను మహిమాన్వితునిగా కొలుచు భక్తుల యెదుట సాంగ్‌హ్యోన్ బుద్ధిపూర్వకముగా నీచకార్యమునకు పూనుకొని, వారి భ్రాంతిని పోగొట్టును. పిమ్మట నీడ లేని సముద్రతీరమునకు తేజును గొనిపోయి, సూర్యోదయమునకై వేచియుండును. తొల్లి వట్టికాళ్లతో పరుగిడుచున్న ఆమెకు అతడు తొడిగిన పాదరక్షలనే ఆమె యిప్పుడు ధరించును. ఇచట భయానక బీభత్సములు అంగములై, కరుణమే అంగియగుచున్నది. ప్రార్థన నిలువని చోట, పరులను తననుండి కాపాడు కార్యమే అతనికి మిగిలిన విశ్వాసము.