ఏడో మాటకు దారి

శుభ శుక్రవారం మధ్యాహ్నం 12 గంటలకు మన చర్చిల్లో మొదలయ్యే ఆరాధన 3 గంటల దాకా సాగుతుంది. చాలామంది ఉపవాసంతో వస్తారు. యేసు సిలువ మీద పలికిన ఏడు మాటలను పాస్టర్లు, సంఘ పెద్దలు, స్త్రీల సమాజం వాళ్లు, యువకులు వంతులు వేసుకుని తలా ఒకటి చొప్పున ధ్యానిస్తారు. మాటకూ మాటకూ మధ్య ఒక కీర్తన, ఒక ప్రార్థన ఉంటాయి. చిన్నప్పటి నుంచీ చూస్తున్న ఆరాధనే కాబట్టి దీని పుట్టుక గురించి మనం పెద్దగా అడగం.

దీని మూలం దక్షిణ అమెరికాలోని పెరూ దేశంలో ఉంది. 1687 అక్టోబరులో వచ్చిన భూకంపం లీమా నగరాన్ని కూల్చేసింది. ఆ విపత్తును చూసిన తరానికి చెందిన అలోన్సో మెస్సియా అనే యేసుసభ గురువు ఈ మూడు గంటల ధ్యానానికి రూపమిచ్చాడు. దేశమంతటా చీకటి కమ్మిందని సువార్తలు చెప్పే ఆ మూడు గంటలనే ఆరాధనకు ఎంచుకున్నారు. ఈ పద్ధతి లీమా నుంచి స్పెయిన్‌కు, రోముకు, ఆ తర్వాత ప్రొటెస్టెంట్ సంఘాలకు పాకింది. ఇళ్లూ మనుషులూ మట్టిలో కలిసిపోయిన ఊరిలో దేవుని చిత్తం గురించి మాట్లాడటం ఎంత కష్టమో తెలిసినవాళ్ల మధ్య పుట్టిన ఆరాధన ఇది. దాని అల్లికలో ఆ ఎరుక కనిపిస్తుంది.

ఇందులో ముఖ్యమైన సాధనం నిదానం. స్పెయిన్‌లోని కాదిజ్ పట్టణం కోసం 1780లలో సంగీతకర్త జోసెఫ్ హైడన్ ఈ ఏడు మాటలకు వాద్యసంగీతం కూర్చాడు. అక్కడ గోడలకూ కిటికీలకూ స్తంభాలకూ నల్లబట్ట కట్టి, మధ్యలో ఒకే ఒక్క పెద్ద దీపం వేలాడదీసి, మిట్టమధ్యాహ్నం తలుపులు మూసేసేవారట. బిషప్ ఒక మాట పలికి, దాన్ని వివరించి, దిగివచ్చి బలిపీఠం ముందు మోకరించేవాడు. ఆ విరామంలో సంగీతం నడిచేది. పదేసి నిమిషాల విలంబగీతాలు వరుసగా ఏడు, వినేవాళ్లకు విసుగు రాకుండా కూర్చడం సులభం కాలేదని హైడన్ తానే చెప్పుకున్నాడు. విసుగు వచ్చే ప్రమాదం ఉన్నా ఎవరూ తొందరపడలేదు. బాధలో ఉన్న మనిషి ఒక్క వాక్యానికి ఊరట పడడు. అతని పక్కన కూర్చోవాలి. ఈ ఆరాధన సంఘమంతటినీ అలా కూర్చోబెడుతుంది.

రెండో సాధనం మాటల వరుస. ఏడు మాటలూ ఏ ఒక్క సువార్తలోనూ లేవు. లూకాలో మూడు, యోహానులో మూడు ఉన్నాయి. మత్తయి, మార్కు ఒక్కటే చెబుతారు, ఇద్దరిదీ అదే మాట. సంఘం వీటిని పేర్చినప్పుడు ఆ ఒక్కటీ సరిగ్గా నడిమధ్యన, నాలుగోదిగా నిలిచింది. తనను ఎందుకు విడిచిపెట్టావని దేవుణ్ణే నిలదీసే కేక అది. ముందు మూడు మాటల్లో యేసు తనను చంపేవాళ్లకు క్షమాపణ వేడుకుంటాడు, పక్కన వేలాడే నేరస్థుడికి మాట ఇస్తాడు, తల్లిని శిష్యుడికి అప్పగిస్తాడు. కేక తర్వాత దాహమంటాడు, పని పూర్తయిందంటాడు, చివరికి తండ్రి చేతుల్లో తన ప్రాణం పెడతాడు. సమర్పణ ఏడో మాట. తల్లికి దిక్కెవరన్న చింత, ఎండిన గొంతు, జవాబు రాని ప్రశ్న, అన్నీ దానికంటే ముందే ఉన్నాయి.

నాలుగో మాట దగ్గర మన ప్రసంగీకులు తరచు తొందరపడతారు. ఆ కేక ఇరవై రెండో కీర్తన మొదటి పంక్తి అనీ, ఆ కీర్తన స్తుతితో ముగుస్తుంది కాబట్టి యేసు మనసులో స్తుతే ఉందనీ చెబుతారు. కీర్తన స్తుతితో ముగిసే మాట నిజమే. కానీ సిలువ మీది మనిషి పలికింది మొదటి పంక్తిని. కొడుకును పోగొట్టుకున్న తల్లి కూడా ఆ మొదటి పంక్తి దగ్గరే ఉంటుంది. ఆమెను ఆఖరి పంక్తికి లాక్కెళ్లే హక్కు మనకు లేదు.

అంతకంటే కీడు చేసేది ఇంకొకటి ఉంది. ఎదుటివాళ్ల బాధ చూసి, "దేవుని చిత్తం, సర్దుకో అమ్మా" అనేస్తాం. గెత్సేమనే తోటలో యేసు ఆ గిన్నె తప్పించమని మొదట అడిగాడు, మళ్లీ మళ్లీ అడిగాడు. ఆ పెనుగులాటలోనే తండ్రి చిత్తానికి లోబడ్డాడు, తనంతట తానే. ఒకరి తరఫున ఇంకొకరు చేయగలిగింది కాదది. భర్త చేతిలో దెబ్బలు తినే ఆడబిడ్డకు ఓర్చుకోమని చెప్పడం క్రీస్తు మార్గం కాదని గట్టిగా అంటాను. ఆమెకు ముందు కావలసింది మూడో మాట, అంటే ఆశ్రయం.

మన నేల మీద దీనికి సాక్ష్యం ఉంది. 1876-78 కరువులో ఒంగోలు ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆకలితో ఉన్నవాళ్లకు ఓర్పు గురించి ప్రసంగాలు చెబుతూ కూర్చోలేదు. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశాడు. తిండి కోసం ఎవరూ మతంలో చేరకూడదని కరువు సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు, తరాల తరబడి అణగదొక్కబడినవాళ్లు. తమను తాము దేవుడికి అప్పగించుకున్నప్పుడు అంటరానితనాన్ని దేవుని చిత్తమని వాళ్లు ఒప్పుకోలేదు. అదే వాళ్లు విడిచి వచ్చింది.

ఏడో మాట కూడా కీర్తనల గ్రంథంలోదే, ముప్ఫై ఒకటో కీర్తన నుంచి వచ్చింది. యూదులు రాత్రి పడుకోబోయే ముందు చెప్పుకునే ప్రార్థనలో ఆ వాక్యం ఉంది. యేసు దానికి తండ్రీ అన్న పిలుపు చేర్చాడు. నాలుగో మాటలో ఆ పిలుపు లేదు, దేవా అనే ఉంది. మళ్లీ తండ్రీ అనగలగడానికి ఎంత సేపు పట్టిందో సువార్తలు చెప్పవు. అందుకే మూడు గంటల ఆరాధనను గంటన్నరకు కుదిస్తున్న సంఘాలను చూస్తే నాకు బాధగా ఉంటుంది. కుదించక తప్పకపోతే ప్రకటనలు తగ్గించండి, అతిథుల పరిచయాలు తగ్గించండి. నాలుగో మాటను మాత్రం ఈ ఏడాది ఇంట్లో ఒకరిని మట్టిచేసిన మనిషికి ఇచ్చి, ఆ గొంతు ఎంతసేపు తీసుకుంటే అంతసేపు మాట్లాడనివ్వండి.