విరిచే చోటు తెలిసిన గొంతు

రాయబారం సీనులో కృష్ణుడు పద్యం అందుకున్నాడంటే ముందు వరుసల్లోని పాత రసికులు చెవులు రిక్కించేవారు. ఎత్తుగడ నిలిచిందా, ధార ఎక్కడైనా తెగిందా, పదవిరుపు కుదిరిందా అని తూచేవారు. మెప్పుకి ఎన్ని మాటలుండేవో ఎత్తిపొడుపుకీ అన్ని ఉండేవి. ‘పద్యం నమిలేశాడు’, ‘రాగం దట్టించాడు’, ‘గొంతుంది గాని పద్యం లేదు’. ఆ చివరి మాట పడిన నటుడికి ఆ రాత్రి నిద్ర పట్టేది కాదు.

రాతను తూచడానికి పండితులకు పాకాలున్నాయి. నోట్లో వేసుకోగానే కరిగేది ద్రాక్షాపాకం, తొక్క ఒలవాల్సింది కదళీపాకం, పగలగొడితే గాని రుచి అందనిది నారికేళపాకం. విశ్వనాథ సత్యనారాయణ కవిత్వానికి ఏకంగా పాషాణపాకమని పేరు పెట్టి ఆటపట్టించిన వాళ్లూ ఉన్నారు. అదంతా పుస్తకంలోని పద్యం సంగతి. రంగస్థలం మీది పద్యానికి వేరే తూకం కావాలి.

నాటకంలోకి పాడే పద్యాలను తెచ్చిన ఘనత బళ్లారి ధర్మవరం రామకృష్ణమాచార్యులదే అంటారు. తర్వాత తిరుపతి వేంకటకవుల పాండవ నాటకాలు వచ్చాయి, పొలం గట్ల మీద కూడా పద్యం వినిపించింది. చరిత్ర ఇంత చాలు. అసలు విద్య వేరే చోట ఉంది.

రంగస్థల పద్యానికి తాళం కట్టరు. హార్మోనియం శ్రుతి తోడుంటుంది, నడక మాత్రం గురులఘువుల్లోనే ఉంటుంది. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, చంపకమాలకు 21. ఉత్పలమాల మొదటి గురువును తీసి రెండు లఘువులు పెడితే అదే చంపకమాల. అంత చిన్న మార్పుకే ఎత్తుగడలో వడి మారిపోతుంది. ఇక సంస్కృతంలో యతి అంటే ఆగే చోటు. తెలుగులో అక్కడ ఆగనక్కర్లేదు, అక్షరాలకు మైత్రి కుదిరితే చాలు. పాదం చివర మాట పూర్తి కావాలన్న నియమమూ లేదు. ‘మాధవుడు’ అన్న మాటలో ‘మా’ చంపకమాల పాదం కొసన పడి, ‘ధవుడు’ కింది పాదంలోకి జారవచ్చు. తెలియని గాయకుడు ‘మా’ దగ్గర ఆగి మోహన రాగం చుట్టి, ఊపిరి పీల్చి ‘ధవుడు’ అన్నాడో, విష్ణుమూర్తి కాస్తా ఎవరికో మొగుడై కూర్చుంటాడు!

ఈ విరుపు తెలిసిన మహానుభావుడు పీసపాటి నరసింహమూర్తి. ఆయన కృష్ణుడు పద్యం పాడుతుంటే అన్వయం దానంతటదే విడిపోయేది, సభలో కూర్చున్న వాడికి టీకా అక్కర్లేకపోయేది. షణ్ముఖి ఆంజనేయరాజు రాగానికి పడి చచ్చేవాళ్లు ఈ మాట ఒప్పుకోరు. ఒప్పుకోకపోతే పోనీ. బళ్లారి రాఘవైతే నటనకు అడ్డొస్తున్నాయని పద్యాలనే తగ్గించాడు. ఆయన పట్ల ఎంత గౌరవమున్నా, రోగానికి మందు వేయమంటే రోగిని బయటికి పంపినట్టే అది.

సినిమాలో ఘంటసాల చేసిన మేలు ఇంతంత కాదు. 1963 నాటి ‘నర్తనశాల’లో అర్జునుడు ఉత్తరుడికి కౌరవ వీరుల జెండాలు చూపించే తిక్కన సీసం వినండి. అంతంత పొడుగు సమాసాల్లో ఒక్క అక్షరమైనా నలగదు. రాగం ఉంది, కాని అది మాట వెనకే నడుస్తుంది. హరిశ్చంద్రుడి కాటిసీనులో డి.వి. సుబ్బారావు జాషువా పద్యాలు పాడితే జనం కళ్లు తుడుచుకున్నారంటే కారణం గొంతొక్కటే కాదు, శ్మశానం మీద ఆ కవి రాసిన ప్రతి మాటా చెవిన పడింది.

ఇప్పుడు జరుగుతున్నదేమిటి? పాత రికార్డు విని, ఘంటసాల ఊపిరి తీసిన చోట తామూ తీసి, అర్థం ఊసెత్తని అనుకరణ. వెనక ట్రాక్, ముందు మైకు, చివరి అక్షరం మీద నిమిషం పాటు సాగదీత. ఎంత సాగితే అన్ని చప్పట్లు. విన్నవాళ్ల నోట ‘సూపర్’ తప్ప మరో మాట రాదు. పాడినవాడిని మాత్రమే తిట్టి లాభం లేదు. ఎక్కడ మాట విరిగిందో చెప్పే శ్రోత లేనప్పుడు అతను ఎవరికి భయపడాలి?

పరిషత్తుల న్యాయనిర్ణేతలు ఇకనైనా మార్కుల కాగితంలో రాగం పక్కన పదవిరుపుకూ ఒక గడి పెట్టాలి. బహుమతి ఇచ్చే ముందు ఆ నటుడి చేతే వేదిక మీద పద్యం తాత్పర్యం చెప్పించాలి. బడిలో తెలుగు మాస్టారు కూడా పద్యం బట్టీ అప్పజెప్పించుకోవడం కాస్త పక్కన పెట్టి, పిల్లల చేత రాగం లేకుండా, విరుపులతో ఒక్కసారి గట్టిగా చదివించాలి.