‘ఘాజీ’ చిత్రము - విశాఖ రేవు

2017వ సంవత్సరమున వెలువడిన ‘ఘాజీ’ చిత్రమును మేము రెండు పర్యాయములు చూచితిమి. దర్శకులు సంకల్ప్ రెడ్డిగారు. యుగళగీతములు లేక, కథ నించుమించుగ నొక జలాంతర్గామి గర్భముననే నడిపి, ప్రేక్షకుని కదలనీయకుండుట తెలుగున అరుదు. ఉత్తమ తెలుగు చిత్రముగ దీనికి జాతీయ పురస్కారము లభించుట మాకును సంతోషమే. ఐనను కొన్ని మాటలు చెప్పక తప్పదు.

1971 డిసెంబరు 3, 4 తేదీల నడిమి రాత్రి పాకిస్థాను జలాంతర్గామి ఘాజీ విశాఖ రేవు చేరువను మునిగెను. అది వేటాడ వచ్చిన విక్రాంత్ నౌక అప్పటికే అండమాను దిక్కునకు తరలియుండెను. మన రాజ్‌పుత్ నౌక నీట విడిచిన బాంబులచే ఘాజీ పగిలెనని మనవారందురు. తాను పరచిన మందుపాతరలకే తాను బలియయ్యెనని పాకిస్థానువా రందురు. ఈ వివాదము నేటికిని తెగలేదు. చిత్రమున మాత్రము మన జలాంతర్గామి యొకటి ఘాజీతో ద్వంద్వయుద్ధము చేసి గెలుచును. కల్పన కవికి దోషము కాదు. కాని రెండు పక్షములవారును నిశ్చయముగ నెరుగని ఆ చీకటిలోనే కథకు ప్రాణము గలదు. దానిని వదలి సులభమైన విజయమును గైకొనిరి.

శరణార్థియైన వైద్యురాలి నొకతెను ఓడలోనికి దెచ్చి, చూచుచుండుటయే పనిగ మూల కూర్చుండబెట్టుట మరియొక లోపము. చదువుకొన్న స్త్రీకి మన చిత్రములలో ఇంతకంటె పని దొరకదా?

అన్నిటికంటె మమ్ము నొప్పించినది రేవు కానరాకపోవుట. ఆ రాత్రి ప్రేలుడు ఊరివారికి వినబడెను. పిదప నీట తేలియాడు శకలములను, లైఫ్ జాకెట్టును తెచ్చి నౌకాదళమున కప్పగించినవారు జాలరులు. మునిగిన ఓడ వారికి వింత కాదు. 1933లో తెరచిన ఈ రేవు ముఖమున ఇసుక మేట వేయకుండుటకై రెండు పాత ఓడలను బుద్ధిపూర్వకముగనే ముంచిరి. 2020 అక్టోబరున వాయుగుండమునకు ‘మా’ అను బంగ్లాదేశపు సరకుల ఓడ తెన్నేటి పార్కు చెంత ఒడ్డెక్కగా, జనము తిరునాళ్లకు వలె చూడబోయిరి.

ఘాజీలో మడిసినవారు 90 మందికి పైబడినవారు. వారి ఓడ నేటికిని ఆ నీటి యడుగుననే యున్నది. మన పడవలు దాని మీదుగనే వేటకు పోవుచున్నవి. ఆ రాత్రి నెరిగిన వృద్ధులు పెదజాలరిపేటలో ఇంకను ఉండవచ్చును. ఎవరేని పోయి వారి నడిగి వ్రాయుదురా?